పసుపు వలయం

వేరుశనగ మొక్కలకు నెల దాటాక చేలోకి దిగి కింది ఆకులను ఒకసారి తిప్పి చూడండి. గోధుమరంగు మచ్చలు కనబడితే అది తిక్కా ఆకుమచ్చ తెగులు. అనంతపురం రైతుకు దాన్ని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. మచ్చ కనబడగానే మందు గుర్తుకొస్తుంది. మచ్చ చుట్టూ ఉండే సన్నటి పసుపు వలయాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. నాకు ఆసక్తి ఆ వలయం మీదే. చాలా ఆకుమచ్చ తెగుళ్ళలో శిలీంధ్రపు పోగులు మచ్చ నడుమనే ఉంటాయి, పసుపు తిరిగిన మేరకు అవి ఇంకా చేరి ఉండవు. తెగులు జీవి రాకముందే అక్కడి కణాలు పాడవుతున్నాయంటే దానికన్నా ముందు ఇంకేదో వెళ్ళిందన్నమాట. వెళ్ళింది విషం.

బూజు జాతి జీవులకు నోరూ పళ్ళూ లేవు. తిండిని ఒంటి బయటే కరిగించుకుని లోపలికి పీల్చుకుంటాయి. కాబట్టి వాటికి రసాయనాలే చేతులు, రసాయనాలే ఆయుధాలు. స్క్లెరోటీనియా అనే శిలీంధ్రం మొక్క కణాలను ముందు చంపి ఆ తర్వాతే వాటిలోకి పాకుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ 1886లోనే గమనించాడు. అందులో పెద్దపాత్ర ఆక్జాలిక్ ఆమ్లానిదని తర్వాత తేలింది. మన చుక్కకూర పులుపులో ఉండే ఆమ్లమే అది. వేరుశనగ కాండం కుళ్ళు తెగులులో నేలకు ఆనిన మొదలును మెత్తబరచడంలోనూ దీనికి పాత్ర ఉంది.

పత్తి ఎండు తెగులుది ఇంకో కథ. దాన్ని తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని ప్రయోగశాల సీసాలో పెంచితే ఫ్యుజారిక్ ఆమ్లమనే విషం ఊరుతుంది. సీసాలో ఊరింది సరే, మొక్క ఒంట్లోనూ ఊరుతుందా? తెగులు తెచ్చుకున్న మొక్కలో ఆ విషం దొరక్కపోతే మొక్కను చంపింది అదేనని ఎలా అంటాం? విష పరిశోధనలో ఇది అసలైన ప్రశ్న. 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో టి.ఎస్. సదాశివన్ నాయకత్వంలోని బృందం తెగులు సోకిన పత్తి మొక్కల లోపలే ఆ ఆమ్లాన్ని పట్టి చూపింది. మన పక్క ఊళ్ళో జరిగిన ఈ పనిని మన విద్యార్థులు పాఠాల్లో చదువుకుని ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

తిక్కా తెగులును ముందుగా తెచ్చే శిలీంధ్రం సెర్కోస్పోరా ప్రజాతిది. ఆ ప్రజాతిలోని చాలా జాతులు సెర్కోస్పోరిన్ అనే ఎర్రటి రంగు పదార్థాన్ని తయారుచేస్తాయి. 1957లో జపాన్ శాస్త్రజ్ఞులు సోయాచిక్కుడు గింజలకు ఊదారంగు మచ్చలు తెచ్చే శిలీంధ్రం నుంచి దాన్ని మొదటిసారి వేరుచేశారు. చీకట్లో ఉంచితే ఈ పదార్థం కణాన్ని దాదాపు ఏమీ చేయదు. దాని మీద వెలుగు పడాలి. పడిందంటే ఆ శక్తిని అందుకుని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తుంది. అలా రెచ్చిన ఆక్సిజన్ కణపు పొరలోని కొవ్వులను చిల్లులు పడేలా కాల్చేస్తుంది, లోపలి సారం బయటికి కారుతుంది, శిలీంధ్రం తాగుతుంది. మొక్క బతికేది ఎండ మీద. ఆ ఎండనే తీసి మొక్క మీదికి తిప్పడం ఈ విషం చేసే పని. అంత పదునైన విషాన్ని ఒంట్లోనే పెట్టుకున్న శిలీంధ్రం మాత్రం చక్కగా బతుకుతుంది. దాన్ని నిర్వీర్యంగా ఉంచుకునే ఏర్పాట్లు, బయటికి తోసేసే పంపులు దానికి వేరే ఉన్నాయి.

ఈ మూడు విషాలకూ ఒక పోలిక ఉంది. వాటికి మొక్కల మధ్య భేదం లేదు. తగినంత మోతాదు తగిలితే ఏ మొక్క కణమైనా చస్తుంది. నేను చెప్పదలచుకున్నది వీటి గురించి కాదు. ఒక పంటలో ఒక రకాన్ని చంపి, అదే గట్టు మీద దాని పక్కనున్న ఇంకో రకాన్ని తాకను కూడా తాకని విషాలు ఉన్నాయి. వాటి కథ మొదలైంది జపాన్‌లో, ఒక చెత్తకుప్ప మీద.

1888లో టోక్యో దగ్గరి మత్సుదో ఊళ్ళో ఒక పదమూడేళ్ళ పిల్లవాడికి బంధువుల ఇంటి చెత్తకుప్పలో పియర్ మొలక ఒకటి కనబడింది. తెచ్చి పెంచితే పండు పలచటి ఆకుపచ్చ తోలుతో, కొరికితే రసం కారేటంత తియ్యగా కాసింది. రాబోయే కాలపు పండు ఇదేనని దానికి ‘నిజిస్సెయ్కి’ అని పేరు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం అని ఆ మాటకు అర్థం. తొత్తొరి ప్రాంతం తోటలన్నీ దానితో నిండిపోయాయి. వెనకే నల్లమచ్చ తెగులూ వచ్చింది. రైతులు ఒక్కో కాయకు కాగితం సంచి తొడిగి కాపాడుకోవాల్సి వచ్చేది. 1933లో తనాకా అనే శాస్త్రజ్ఞుడు ఆ తెగులు శిలీంధ్రాన్ని ద్రవంలో పెంచి, వడగట్టి, శిలీంధ్రం లేని ఆ ఉత్త ద్రవాన్ని పియర్ల మీద పెట్టి చూశాడు. నిజిస్సెయ్కి మీద నల్లమచ్చలు లేచాయి. తెగులు సోకని పియర్ రకాల మీద ఏమీ కాలేదు. ఆ రోజుల్లో ఈ ఫలితాన్ని పట్టించుకున్నవారు తక్కువ. తెగులు అంతా ఒక్క రసాయనంలో ఉందనీ, ఆ రసాయనానికి రకాలను గుర్తుపట్టే తెలివి ఉందనీ అంటే నమ్మడం కష్టమే మరి.

నమ్మక తప్పని పరిస్థితి అమెరికాలో వచ్చింది, ఓట్స్ పంటలో. ఓట్స్‌కు తుప్పు తెగులు పాత శత్రువు. ఆకుల మీద నారింజరంగు పొడి పూసినట్టు కనబడే ఆ తెగులును తట్టుకునే ‘విక్టోరియా’ అనే రకాన్ని 1920లలో దక్షిణ అమెరికా నుంచి తెప్పించారు. స్థానిక రకాలతో సంకరం చేసి కొత్త వంగడాలు తీశారు. 1940ల మొదట్లో అవి విడుదలయ్యాయి. తుప్పు తాకని పంటను ఏ రైతు కాదంటాడు? కొద్ది ఏళ్ళలోనే మధ్యపశ్చిమ రాష్ట్రాల ఓట్స్ పొలాల్లో అవే పరుచుకున్నాయి. అంతలోనే, అప్పటిదాకా ఎవరూ ఎరుగని ఎండు తెగులు ఒకటి దిగింది. 1946లో అయోవాలో ఫ్రాన్సిస్ మీహన్, ఎచ్.సి. మర్ఫీ దాని శిలీంధ్రాన్ని పట్టుకుని వర్ణించారు. మరుసటి ఏడాది దాని విషాన్ని కూడా చూపించారు. విషం పేరు విక్టోరిన్. లీటరు నీటికి ఒక మైక్రోగ్రాము లోపున్నా విక్టోరియా సంతతి ఓట్స్ వేరు ఎదుగుదల దెబ్బతింటుంది. విక్టోరియా రక్తం లేని ఓట్స్‌కు అంతకు వేలరెట్లు పోసినా చలనం ఉండదు.

రైతులకూ శాస్త్రజ్ఞులకూ అసలు బాధ తర్వాత మొదలైంది. ఎండు తెగులుకు లోబడే గుణాన్ని తీసేసి, తుప్పును తట్టుకునే గుణాన్ని ఉంచుకుందామని చూశారు. రెండూ విడిపోలేదు. 1950లలో లూయిసియానాలో లూక్, వీలర్ అనే ఇద్దరు పరిశోధకులు వంద బుషెళ్ళ విత్తనాన్ని, అంటే కోట్ల గింజలను మొలకెత్తించి విక్టోరిన్‌లో తడిపారు. విషాన్నే జల్లెడగా వాడుకున్న తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. బతికి బయటపడ్డవి వేయికి లోపే. ఓపికగా ఎన్నిసార్లు వెదికినా, విక్టోరిన్‌ను తప్పించుకుంటూ విక్టోరియా ఇచ్చిన తుప్పు నిరోధాన్ని నిలుపుకున్న మొక్క దక్కలేదు. వరం, శాపం ఒకే ముడిలో ఉన్నట్టు లెక్క. ఎందుకిలా అన్నది తేలడానికి ఇంకో యాభై ఏళ్ళకు పైగా పట్టింది. దానికి మళ్ళీ వస్తాను. ఈలోగా మొక్కజొన్న చేలోకి వెళ్ళాలి.

హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం తయారయ్యే పొలాన్ని చూసినవారికి తెలుసు, అది ఎంత చాకిరీయో. ఆడ వరసల్లోని ప్రతి మొక్క తలమీదా పుప్పొడి రాలకముందే మగపూల కుచ్చును పీకేయాలి. ఒక్కటి మిగిలినా విత్తనం చెడుతుంది. మన దగ్గర విత్తనపంట వేసే ఊళ్ళలో తెల్లవారుజామునే కూలీలు దిగి వరసవరసనా పీకుకుంటూ పోతారు. అమెరికాలో ఈ పని వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలు చేసేవారు. కుచ్చు ఉన్నా పుప్పొడి ఊరని మొక్క ఉంటే ఈ బాధే ఉండదు కదా! టెక్సాస్‌లో ‘గోల్డెన్ జూన్’ అనే రకంలో అలాంటి మొక్కలు దొరికాయి. 1952లో రోజర్స్, ఎడ్వర్డ్‌సన్ దాని ఉపయోగాన్ని ప్రకటించారు. ఈ గొడ్డుతనం తల్లి వైపు నుంచి, గింజలోని కణద్రవ్యం ద్వారా వస్తుంది. అందువల్ల ఆ తల్లి పిల్లలన్నిటికీ ఆ కణద్రవ్యం తప్పకుండా దిగుతుంది. దాన్ని టెక్సాస్ కణద్రవ్యం అన్నారు. విత్తన కంపెనీలకు ఇంతకన్నా ఏం కావాలి? 1970 నాటికి అమెరికా హైబ్రిడ్ మొక్కజొన్నలో సుమారు 85 శాతంలో అదే కణద్రవ్యం ఉంది. పొలాల మీద బోర్డులు వేరు, సంచుల మీద పేర్లు వేరు, లోపలి తల్లి ఒక్కతే.

హెచ్చరిక రాకపోలేదు. టెక్సాస్ కణద్రవ్యం ఉన్న మొక్కలే ఆకుమాడు తెగులుకు బాగా లొంగుతున్నాయని 1961లోనే ఫిలిప్పీన్స్ శాస్త్రజ్ఞులు మెర్కాడో, లాంటికాన్ రాశారు. ఉష్ణదేశం, తేమవాతావరణం, అక్కడి సమస్య మనకు రాదులే అనుకుని అమెరికాలో పక్కన పెట్టారు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసేది ఆ తొమ్మిదేళ్ళే. చిన్న దేశం నుంచి, చిన్న పత్రికలో వచ్చినందుకు ఒక నిజం బరువు తగ్గింది.

1970 తొలి నెలల్లో ఫ్లోరిడా దక్షిణాన తెగులు కనబడింది. గాలి, వాన కలిసొచ్చాయి. సిద్ధబీజాలు గాలిలో లేచి ఒక్కో రాష్ట్రం దాటుకుంటూ ఉత్తరానికి ప్రయాణించాయి. వేసవి ముగిసేలోగా అయోవా, ఇల్లినాయ్ దాటి కెనడా అంచు దాకా చేరాయి. ఆకులే కాదు, కాండం, కంకి మీది తొడుగులు, కంకి కూడా కుళ్ళాయి. దక్షిణాన కొన్ని పొలాల్లో పంట పూర్తిగా పోయింది. దేశం మొత్తం మీద సుమారు 15 శాతం మొక్కజొన్న, దాదాపు వందకోట్ల డాలర్ల విలువైనది, ఒక్క సీజన్‌లో నాశనమైంది. మామూలు కణద్రవ్యం ఉన్న మొక్కజొన్న పక్కనే పచ్చగా నిలబడింది. మరుసటి ఏడాదికి కంపెనీలు హడావుడిగా పాత పద్ధతి విత్తనానికి మళ్ళాయి. పిల్లలు మళ్ళీ కుచ్చులు పీకడానికి పొలాల్లోకి వచ్చారు. రెండేళ్ళ తర్వాత, 1972లో, అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రధాన పంటలన్నిటిలో జన్యువుల ఏకరూపత ఎంత ప్రమాదమో లెక్కలు కట్టి పుస్తకం వేసింది.

ఆ శిలీంధ్రపు కొత్త తెగ టి-టాక్సిన్ అనే విషాన్ని వదులుతుందని త్వరలోనే తెలిసింది. కార్బన్ పరమాణువులు నలభై దాకా వరసగా పేర్చిన పొడుగాటి గొలుసులాంటి అణువు అది. 1971లో మిల్లర్, కెప్పీ మొక్కల నుంచి మైటోకాండ్రియాలను విడిగా తీసి వాటి మీద ఈ విషం వేశారు. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తినిచ్చే పొయ్యి. మామూలు మొక్కవి చెక్కుచెదరలేదు. టెక్సాస్ మొక్కవి ఉబ్బి కారిపోయాయి. లోపం ఎక్కడుందో దాంతో తెలిసింది. దాన్ని పూర్తిగా విప్పింది 1986లో నార్త్ కరొలినాలోని డ్యూయీ, లెవింగ్స్, టిమొతీ. టెక్సాస్ మైటోకాండ్రియా డీఎన్ఏలో ఎప్పుడో ముక్కలు తెగి, తప్పుగా అతుక్కుని, ఎవరికీ లేని ఒక కొత్త జన్యువు పుట్టింది. అది యూఆర్‌ఎఫ్13 అనే చిన్న ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఆ ప్రోటీన్ మైటోకాండ్రియా లోపలి పొరలో కూర్చుంటుంది. పుప్పొడి ఊరాల్సిన చోట కణాలను పాడుచేసి మొక్కను గొడ్డును చేసేది అదే. టి-టాక్సిన్ వచ్చి తగిలితే రంధ్రంగా తెరుచుకుని, పొయ్యిని ఆర్పేసేదీ అదే. ఆ జన్యువును తీసి ఈ.కోలై బ్యాక్టీరియాలో పెడితే మొక్కజొన్నతో ఏ బంధుత్వమూ లేని ఆ బ్యాక్టీరియా కూడా టి-టాక్సిన్‌కు చచ్చింది. ఇక సందేహానికి చోటు లేదు.

ఇక్కడ ఇంకో వింత ఉంది. మెథోమిల్ అనే పురుగుమందు పేరు మన మిరప, పత్తి రైతులకు కొత్త కాదు. పురుగుల నాడులను దెబ్బతీయడానికి తయారుచేసిన ఆ మందు టెక్సాస్ మొక్కజొన్న మీద పడితే ఆకులు మాడతాయి. టి-టాక్సిన్‌తో దానికి పోలికే లేదు, అయినా అదీ యూఆర్‌ఎఫ్13ను తెరవగలదు. తాళం ఒకసారి తలుపుకు వేలాడాక దానికి ఎన్ని తాళంచెవులు సరిపోతాయో ముందుగా ఎవరు చెప్పగలరు?

ఓట్స్‌లో చేసినట్టే మొక్కజొన్నలోనూ శాస్త్రజ్ఞులు ప్రయత్నించారు. గెంగెన్‌బాక్ బృందం 1970లలో టెక్సాస్ మొక్కజొన్న కణాలను గాజు పాత్రల్లో పెంచుతూ కొద్దికొద్దిగా విషం పట్టించింది. తట్టుకున్న కణాల నుంచి మళ్ళీ మొక్కలను లేపింది. విషానికి లొంగని, పుప్పొడి ఊరని మొక్క దొరికితే బంగారమే. విషానికి లొంగని మొక్కలు దొరికాయి కూడా. వాటికి పుప్పొడీ తిరిగి వచ్చేసింది. ఆ జన్యువు పోతే రెండూ పోయినట్టే మరి. కుచ్చు పీకే చాకిరీని తప్పించిన గుణమూ పంటను చంపిన గుణమూ ఒకే ప్రోటీన్ చేసే రెండు పనులు.

మనకు దీంతో దగ్గరి సంబంధం ఒకటుంది. 1970లోనే, అమెరికాలో మొక్కజొన్న మాడిపోయిన అదే ఏడాది చివర్లో, చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి ఊరని అడవి వరి మొక్క ఒకటి కనబడింది. దాని కణద్రవ్యమే హైబ్రిడ్ వరికి పునాది అయింది. మన దేశంలో హైబ్రిడ్ వరి విత్తనం అధికభాగం పండేది కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల పొలాల్లో. అందులో చాలావరకు ఆ ఒక్క తల్లి కణద్రవ్యమే ఉంది. దాన్ని గుర్తుపట్టి చంపే విషమేదీ ఇంతవరకు బయటపడలేదు. రైతులను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ టెక్సాస్ కణద్రవ్యం కూడా పద్దెనిమిదేళ్ళు నిక్షేపంగా పనిచేసింది. ఇంకో తల్లిని సిద్ధంగా ఉంచుకునే పనికి డబ్బూ, మనుషులూ కేటాయించడం దండగ ఖర్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక ఓట్స్ ముడి దగ్గరికి. తుప్పు తెగులు శిలీంధ్రం బతికున్న కణం నుంచే తిండి పీల్చగలదు. కణం చస్తే అదీ పస్తే. అందుకే మొక్కలో కాపలా ప్రోటీన్లు ఉంటాయి. శత్రువు జాడ తగలగానే ఆ కణాన్ని అవి అక్కడికక్కడ చంపేస్తాయి, మంట పాకకుండా పక్క పాకను కూల్చేసినట్టు. తుప్పుకు ఇది ఉరితాడు. విక్టోరిన్ శిలీంధ్రం తినేది చచ్చిన కణాన్ని. దానికి ఇదే విందు. 2007లో ఆరెగాన్‌లో లోరాంగ్, వోల్పెర్ట్ ఇంకొందరు అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో విక్టోరిన్‌కు లోబడేలా చేసే జన్యువును పట్టుకున్నారు. తీరా చూస్తే అది తెగుళ్ళను ఎదిరించే కాపలా ప్రోటీన్ల కుటుంబానిది. 2012లో వాళ్ళే ఇంకో మెట్టు దిగి చూశారు. కాపలా ప్రోటీన్ కనిపెట్టుకుని ఉండే ఇంకో ప్రోటీన్‌ను విక్టోరిన్ ముట్టుకుంటుంది. శత్రువు లోపలికి వచ్చేశాడని కాపలా ప్రోటీన్ కేకవేస్తుంది. కణం తనను తానే చంపుకుంటుంది. విషం స్వయంగా కాల్చేదేమీ లేదు. మొక్క చేతిలోని కత్తిని మొక్క గుండెకే గురిపెడుతుంది. ఓట్స్‌లో తుప్పును ఆపిన జన్యువు, విక్టోరిన్‌కు తలుపు తీసిన జన్యువు ఒకటే అయి ఉండాలన్న అనుమానానికి దీంతో గట్టి బలం దొరికింది. విడదీయలేకపోయినందుకు లూక్, వీలర్లను తప్పుపట్టడానికేమీ లేదు. అక్కడ విడదీయడానికి రెండు గుణాలే లేకపోయి ఉండాలి.

ఇలాంటి విషం ఒక శిలీంధ్రం సొత్తుగానే ఉండిపోతుందన్న హామీ కూడా లేదు. గోధుమలో పసుపు మచ్చ తెగులును తెచ్చే శిలీంధ్రానికి టాక్స్-ఎ అనే ప్రోటీన్ విషం ఉంది. 2006లో ఫ్రీసెన్ బృందం ఆ విషపు జన్యువును వెదికితే గోధుమ మీదే బతికే ఇంకో శిలీంధ్రంలో, వేరే ప్రజాతిలో, దాదాపు అచ్చంగా అదే కనబడింది. ఆ రెండో శిలీంధ్రం నుంచి మొదటిదానికి జన్యువు నేరుగా దాటి ఉండాలని వాళ్ళు తేల్చారు. ఆ దాటడం 1941కి కొంచెం ముందు జరిగి ఉంటుందని అంచనా, ఎందుకంటే పసుపు మచ్చ గోధుమకు గట్టి దెబ్బగా మారినట్టు రాతల్లో కనిపించేది అప్పటినుంచే. మూడో శిలీంధ్రంలో కూడా ఆ జన్యువు ఉందని తర్వాత ఆస్ట్రేలియాలోనూ, మన దేశపు గోధుమ పొలాల నుంచి తెచ్చిన నమూనాల్లోనూ బయటపడింది. టాక్స్-ఎ పనిచేయాలంటే గోధుమలో టీఎస్‌ఎన్1 అనే జన్యువు ఉండాలి. 2010లో దాన్ని విప్పి చూస్తే అందులోనూ కాపలా ప్రోటీన్ల పోలికలే.

ఈ జ్ఞానం ఇప్పుడు పొలానికి పనికొస్తోంది. జపాన్‌లో గామా కిరణాల కింద పెంచిన నిజిస్సెయ్కి చెట్లలో ఒక కొమ్మకు నల్లమచ్చ రాలేదని 1981లో గమనించారు. దాని నుంచి వచ్చిన ‘గోల్డ్ నిజిస్సెయ్కి’ 1990 ప్రాంతంలో రైతులకు చేరింది. ఆస్ట్రేలియాలోనైతే విషాన్నే వాడుకున్నారు. గోధుమ వంగడాలు తీసేవాళ్ళకు టాక్స్-ఎ ప్రోటీన్‌ను శుద్ధిచేసి వేల మోతాదుల్లో పంచారు. తెగులు తెప్పించి ఏ మొక్క చస్తుందో అని ఒక సీజన్ అంతా కాచుకోనక్కర్లేదు. మొలకకు రెండు ఆకులు వచ్చాక సూదిలేని సిరంజి మూతిని ఆకుకు ఆనించి ఒక చుక్క ఎక్కిస్తారు. ఎక్కిన మేర పెన్నుతో గీత గీసి ఉంచుతారు. కొద్ది రోజుల తర్వాత కుండీలను వరసగా చూసుకుంటూ వస్తారు. గీతల మధ్య ఆకు పచ్చగానే ఉంటే ఆ కుండీ ముందుకు పోతుంది. పసుపు తిరిగి మాడిందంటే, మిగతా గుణాలు ఎంత మంచివైనా సరే, ఆ మొలకను పీకి పక్కన పడేస్తారు.